లేదని తెలియడం, ఉందని తెలియకపోవడం
కంప్యూటర్ సైన్స్ పాఠ్య ప్రణాళికా సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు,

కంప్యూటర్ సైన్స్ పాఠ్యక్రమంలో తర్కశాస్త్రానికి సాధారణంగా రెండు చోట్ల స్థానం దొరుకుతుంది. మొదటిది డిస్క్రీట్ మ్యాథమేటిక్స్. అక్కడ ప్రతిపాదనలు, సత్య పట్టికలు, పరిమాణకాలు చెబుతారు. రెండవది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్; అక్కడ జ్ఞాన ప్రాతినిధ్యం అనే శీర్షిక కింద, అంటే లోకాన్ని గురించి యంత్రానికి అందించవలసిన విషయాలను అది తర్కించగల రూపంలో రాసిపెట్టే పద్ధతుల కింద, విధేయ తర్కం, సెమాంటిక్ నెట్‌లు, ఫ్రేములు చెప్పి ముగిస్తారు. ఈ రెండు చోట్లా వాక్యానికి నిజం, అబద్ధం అనే రెండే గతులు. ఆ వాక్యం ఎవరికి తెలుసు, ఎవరు నమ్ముతున్నారు, ఎప్పటికి నిజమవుతుంది, అది ఎవరు చేయవలసిన పని, ఎవరు చేయకూడని పని అనే ప్రశ్నలకు ఆ చట్రంలో చోటు చాలదు. ఆ ప్రశ్నలకు చోటివ్వడానికే పుట్టిన తర్కాల కుటుంబాన్ని తప్పనిసరి పాఠంలో ఒక యూనిట్‌గా చేర్చాలని కోరడం, ఎందుకు చేర్చాలో కారణాలతో వివరించడం ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా పేరు సంగతి. ఈ శాస్త్రానికి ఇంగ్లీషులో ఉన్న పేరును తెలుగు లిపిలో ‘మోడల్ లాజిక్’ అని రాస్తే, నమూనా అనే అర్థంలో వాడుకలో ఉన్న ‘మోడల్’తో అది కలిసిపోయి, విద్యార్థిని మొదటి అడుగులోనే తికమక పెడుతుంది. మూలంలోని మాటకు రీతి, విధం అని అర్థం. ఒక వాక్యం తప్పనిసరిగా నిజమా, నిజం కావడానికి వీలు మాత్రమే ఉందా, ఒకరి ఎరుకలో నిజమా, రేపటికి నిజమా అని అడిగే తర్కం గనుక ఈ లేఖలో దాన్ని రీతి తర్కం అని వ్యవహరించడం జరిగింది.

ఈ తర్కం లేని లోటు ఎక్కడ బయటపడుతుందో చూడడానికి, ఒక పింఛను పథకానికి అర్హుల జాబితా తయారుచేసే ప్రోగ్రామును ఊహించవచ్చు. పట్టికలో ఊరు, పేరు, వయసు అనే గడులు ఉన్నాయి. పుట్టిన తేదీకి ఏ కాగితమూ దొరకని కొందరి వరుసల్లో వయసు గడి ఖాళీగా ఉంది. ఎస్‌క్యూఎల్ భాషలో ఆ ఖాళీని నల్ అంటారు. ప్రోగ్రామరు వయసు 60 గానీ అంతకు పైబడి గానీ ఉన్నవారికి ఒక జాబితా, 60కి లోపు ఉన్నవారికి మరొక జాబితా అడుగుతాడు. రెండు జాబితాలూ కలిపితే ఊరంతా రావాలని సహజంగానే అనుకుంటాడు గానీ, వయసు గడి ఖాళీగా ఉన్న వృద్ధురాలి పేరు రెండింటిలోనూ ఉండదు. ఎందుకంటే నల్‌తో చేసిన ఏ పోలికకైనా వచ్చే ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’ అనే మూడో విలువ, వడపోత నిజమని తేలిన వరుసలను మాత్రమే బయటికి వదులుతుంది. అంతకన్నా ప్రమాదకరమైన సందర్భం ఇంకొకటి ఉంది. మొదటి జాబితాలో లేనివారంతా అనర్హులని ప్రోగ్రామరు ఒక్క గీత గీస్తే, ఆ వృద్ధురాలి వయసు ‘తెలియదు’ అన్న సంగతి ఆమెకు అరవై ‘లేదు’ అన్న తీర్పుగా మారిపోతుంది. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ లెక్క తప్పలేదు. లేదని తెలియడం, ఉందని తెలియకపోవడం అనే రెండు వేర్వేరు సంగతులను ఒకే గుర్తుతో రాయవలసి రావడం వల్ల అన్యాయం జరిగింది.

రికార్డులో లేనిది అబద్ధమేనని తీసుకోవడం అన్నివేళలా తప్పు కాదు. బస్ స్టేషన్‌లోని కాలపట్టికలో మధ్యాహ్నం మూడు గంటలకు బస్సు రాసి లేకపోతే ఆ సమయానికి బస్సు లేదనే అర్థం, ఎందుకంటే ఆ పట్టిక పూర్తిగా ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. ఈ ఒప్పందానికి 1978లో రేమండ్ రైటర్ సంవృత లోక ప్రతిపాదన అనే అర్థం వచ్చే పేరు పెట్టి, దాని తర్కాన్ని విడమరచి చెప్పాడు. పట్టిక పూర్తిగా లేనిచోట కూడా అదే ఒప్పందాన్ని తెలియకుండా పాటించడమే పింఛను ప్రోగ్రాములో జరిగిన పొరపాటు. ఏ పట్టికకు ఏ ఒప్పందం వర్తిస్తుందో ముందే చెప్పగల భాష ప్రోగ్రామరుకు ఎవరూ నేర్పకపోతే, ఆ పొరపాటును అతని అశ్రద్ధకు మాత్రమే అంటగట్టడం న్యాయం కాదు.

మూడో విలువ ఉంది కదా, అది చాలదా అనే ప్రశ్న ఇక్కడ రావడం సహజం. సంబంధాత్మక డేటాబేస్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, 1979 నాటి వ్యాసంలో ఈ మూడు విలువల పద్ధతిని చేర్చాడు. అయితే అది సమస్యను సగమే తీరుస్తుంది. ‘ఆమె వయసు అరవైకి చేరింది లేదా చేరలేదు’ అనే వాక్యాన్ని చూడవచ్చు. ఆమె వయసు ఎంతైనా ఆ వాక్యం నిజమే. అయినా మూడు విలువల పట్టిక ప్రకారం మొదటి భాగం తెలియదు, రెండవ భాగం తెలియదు, కాబట్టి మొత్తం వాక్యమూ తెలియదు అని వస్తుంది. ‘తెలియదు’ అనేది నిజానికి పోటీగా నిలిచే మూడో విలువ కాదు. అది ఒక వాక్యానికీ, దాన్ని ఎరిగిన లేదా ఎరగని వ్యక్తికీ మధ్య ఉన్న సంబంధం. ఈ తేడాను తెలుగు వాక్యం చక్కగా పట్టి ఇస్తుంది. ‘అరవై నిండాయో లేదో గుమాస్తాకు తెలుసు’ అంటే అతని దగ్గర సమాధానం ఉంది. ‘అరవై నిండాయి లేదా నిండలేదు అని గుమాస్తాకు తెలుసు’ అంటే అతని దగ్గర ఏమీ లేదు. ‘తెలుసు’ అనే క్రియ ‘లేదా’కు లోపల నిలిచిందా, బయట నిలిచిందా అన్నదే ఈ రెంటి మధ్య భేదం, ఆ క్రియకు ఒక గుర్తు ఇచ్చి, దాన్ని వాక్యంలో ఎక్కడ కావాలంటే అక్కడ నిలిపే సౌకర్యమే రీతి తర్కం.

తెలుగు విద్యార్థికి ఈ భావం కొత్తది కాదని కూడా సభ్యులు గమనించవలసి ఉంది. వచ్చాడు, వచ్చాడట, వచ్చాడేమో, వచ్చి ఉంటాడు, రావచ్చు, రావాలి, రాకూడదు అనే రూపాలన్నిటిలోనూ సంఘటన ఒక్కటే, రాక. మారుతున్నది ఆ సంఘటనతో చెప్పేవాడికి ఉన్న సంబంధం. ఎవరో చెప్పగా విన్న సంగతిని కళ్లారా చూసినట్టు చెప్పడం తెలుగువాడికి ఇబ్బంది. వెంటనే చివర ‘ట’ చేర్చి, బాధ్యత తనది కాదని స్పష్టం చేస్తాడు. పట్టికలో వరుసలు నింపేటప్పుడు మాత్రం ఆ ‘ట’ రాలిపోతుంది. ఊరి వాడుకలో ఇంత జాగ్రత్తగా పాటించే భేదాన్ని కంప్యూటర్ ప్రయోగశాలలోకి అడుగుపెట్టగానే మరచిపోనివ్వకూడదన్నదే ఈ లేఖ వాదనకు పునాది.

తప్పనిసరి, సాధ్యం అనే భావాలపై చర్చ అరిస్టాటిల్ నాటి నుంచీ ఉన్నా, ఈ తర్కానికి ఆధునిక రూపం అమెరికన్ తత్వవేత్త సి.ఐ. లూయిస్‌తో మొదలైంది. అబద్ధమైన వాక్యం నుంచి ఏ వాక్యమైనా వస్తుందని చెప్పే ‘అయితే’ సంయోజకం ఆయనకు తృప్తినివ్వలేదు. ‘తప్పనిసరిగా వస్తుంది’ అని చెప్పగల గట్టి సంయోజకం కోసం 1912 నుంచి వ్యాసాలు రాసి, 1932లో సి.హెచ్. లాంగ్‌ఫర్డ్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో ఎస్1 నుంచి ఎస్5 వరకు ఐదు తర్క వ్యవస్థలను ముందుంచాడు. ఆ వ్యవస్థల్లో సూత్రాలు ఉన్నాయి గానీ వాటికి అందరూ అంగీకరించే అర్థం కుదరలేదు. ఆ కొరతను తీర్చినవారిలో ప్రముఖుడు సాల్ క్రిప్కి. 1959లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన వ్యాసమూ, 1963 నాటి వ్యాసాలూ సాధ్య ప్రపంచాలు, వాటి మధ్య సంబంధం అనే రెండే పనిముట్లతో ఈ తర్కాలకు స్పష్టమైన అర్థాన్ని ఇచ్చాయి. 1962లో ఫిన్లాండ్ తత్వవేత్త యాకో హింటిక్కా జ్ఞానం, నమ్మకం అనే రెండు భావాలను ఇదే దారిలో విశ్లేషిస్తూ ఒక గ్రంథం రాశాడు. కంప్యూటర్ సైన్స్‌లోని జ్ఞాన తర్కానికి అది మూలగ్రంథం.

ప్రపంచాలు అన్న మాట పెద్దదిగా వినిపించినా, భావం సులువైనది. పింఛను గుమాస్తా దృష్టిలో ఆ వృద్ధురాలి విషయంలో రెండు పరిస్థితులకు వీలుంది: ఒకదానిలో ఆమె వయసు 58, మరొకదానిలో 63. రెండింటిలోనూ ఆమె ఆ ఊరి నివాసే. గుమాస్తా తోసిపుచ్చలేని పరిస్థితులన్నిటిలోనూ ఒక వాక్యం నిజమైతే, ఆ వాక్యం అతనికి తెలుసు అంటారు. కనీసం ఒకదానిలో నిజమైతే, అతనికి తెలిసినంతలో అది సాధ్యం అంటారు. మొదటిదానికి చిన్న పెట్టె గుర్తును, రెండవదానికి వజ్రపు గుర్తును వాడడం సంప్రదాయం. ఈ లెక్కన ఆమె ఊరి నివాసి అని గుమాస్తాకు తెలుసు, అరవై నిండాయని తెలియదు, నిండలేదనీ తెలియదు. ఒక పాత స్కూలు రిజిస్టరు దొరికితే రెండు పరిస్థితుల్లో ఒకటి రద్దవుతుంది, అజ్ఞానం తొలగుతుంది. తెలుసుకోవడం అంటే వీలున్న ప్రపంచాల సంఖ్యను తగ్గించుకోవడమే అన్న ఈ చిత్రం మొత్తం శాస్త్రానికి ఆధారం. ప్రపంచాలను బిందువులుగా, తోసిపుచ్చలేనితనాన్ని బాణాలుగా గీస్తే అది విద్యార్థులకు డేటా స్ట్రక్చర్స్‌లో పరిచయమైన గ్రాఫే.

ఆ బాణాల స్వభావాన్ని బట్టి తర్కం మారుతుందన్నది క్రిప్కి పద్ధతిలోని అందం. ప్రతి బిందువు నుంచి దానికే ఒక బాణం ఉంటే, తెలిసిన సంగతి నిజమే అయి తీరుతుందన్న సూత్రం నిలుస్తుంది. జ్ఞానాన్ని నమ్మకం నుంచి వేరుచేసేది ఇదే, ఎందుకంటే అబద్ధాన్ని నమ్మవచ్చు గానీ అబద్ధం తెలిసి ఉండడం కుదరదు. రెండు బాణాల్లో చేరగల చోటికి ఒకే బాణంలోనూ చేరగలిగితే, తెలిసినవాడికి తనకు తెలుసన్న సంగతీ తెలుస్తుంది. ఒక బిందువు నుంచి బయలుదేరిన రెండు బాణాల కొసలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే, తెలియనివాడికి తనకు తెలియదన్న సంగతి కూడా తెలుస్తుంది. ఈ చివరి సూత్రాన్ని హింటిక్కా మనుషుల విషయంలో ఒప్పుకోలేదు. తనకు తెలియదన్న సంగతి తెలియకుండానే బతికేవారికి లోకంలో కొదవలేదు. తన దగ్గర ఉన్న రికార్డుల హద్దు ఎరిగిన యంత్రానికి మాత్రం దాన్ని వర్తింపజేయవచ్చు, నిజానికి వర్తింపజేయాలి. పింఛను ప్రోగ్రాముకు కొరవడింది సరిగ్గా ఈ సూత్రమే.

ఈ చిత్రానికి ఒక లోపం ఉందని కూడా పాఠంలో దాచకుండా చెప్పాలి. అన్ని ప్రపంచాల్లోనూ నిజమైనది తెలిసినట్టే గనుక, ఒక సంగతి తెలిసినవాడికి దాని తార్కిక పర్యవసానాలన్నీ తెలిసిపోతాయి. ఒక పెద్ద సంఖ్య తెలిసినవాడికి దాని ప్రధాన కారణాంకాలూ తెలుసని ఈ తర్కం అంటుంది. అదే నిజమైతే, కారణాంకాలు కనుక్కోవడం కష్టమన్న ఆధారంపై నిలిచిన ఆర్‌ఎస్‌ఏ గూఢలిపి ఒక్క రోజు కూడా నిలవదు. తార్కిక సర్వజ్ఞత అని పేరుపడిన ఈ చిక్కును విప్పడానికి 1984లో హెక్టర్ లెవెక్ బాహాటమైన నమ్మకాన్నీ అంతర్గర్భితమైన నమ్మకాన్నీ విడదీసే పద్ధతిని ప్రతిపాదించాడు. తన హద్దును తానే చూపించే శాస్త్రం విద్యార్థికి రెండింతలు పాఠం చెబుతుంది.

తెలుసుకునేవారు ఒకరి కంటే ఎక్కువమంది అయినప్పుడు ఈ తర్కం అసలు సత్తా బయటపడుతుంది. తరగతిలో చెప్పడానికి ప్రసిద్ధమైన పొడుపు ఒకటి ఉంది. రాధ, గోపి, సీను ఆడుకుని వచ్చారు. రాధ, గోపిల నుదుటి మీద మసి అంటింది, సీనుకు అంటలేదు. ఎవరి నుదురు వారికి కనిపించదు, ఇతరులది కనిపిస్తుంది. ‘మీలో కనీసం ఒకరికి మసి అంటింది’ అని అమ్మమ్మ అందరి ఎదుటా చెప్పి, ‘తనకు అంటిందో లేదో ఎవరికైనా తెలుసా’ అని అడిగితే మొదటిసారి ఎవరూ పలకరు. రెండోసారి అడిగితే రాధ, గోపి ఇద్దరూ తమకు అంటిందని చెప్పగలరు. గోపి మొదట పలకలేదు గనుక అతనికి ఇంకొకరి నుదుట మసి కనిపించి ఉండాలి, సీను నుదురు శుభ్రంగా ఉంది గనుక ఆ మసి తనదే అయి ఉండాలని రాధ తర్కించుకుంటుంది. గోపి తర్కమూ అంతే. ఇందులో వింత ఏమిటంటే, కనీసం ఒకరికి మసి అంటిందన్న సంగతి అమ్మమ్మ చెప్పకముందే ముగ్గురికీ తెలుసు. అయినా ఆమె చెప్పకపోతే ఎన్నిసార్లు అడిగినా ఎవరూ ఏమీ తేల్చలేరు. ఆమె మాట తెచ్చిన కొత్తదనం ఒక్కటే: ఆ సంగతి గోపికి తెలుసన్న భరోసా రాధకు అంతకుముందు లేదు, ఎందుకంటే తన నుదురు శుభ్రంగా ఉండి ఉంటే గోపికి ఎవరి మసీ కనిపించి ఉండేది కాదు. అందరికీ తెలియడం వేరు. అందరికీ తెలుసని అందరికీ తెలియడం, అది కూడా అందరికీ తెలియడం, ఇలా అంతులేకుండా సాగడం వేరు. ఈ రెండవదానిని ఉమ్మడి ఎరుక అనవచ్చు. దండోరా వేయడానికీ, ఇంటింటికీ విడివిడిగా కబురు పంపడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

జోసెఫ్ హాల్పర్న్, యోరామ్ మోజెస్ 1984లో సమర్పించి 1990లో విస్తృతంగా ప్రచురించిన వ్యాసం ఈ భావాన్ని కంప్యూటర్ నెట్‌వర్కుల నడిమధ్యకు తెచ్చింది. దానికి 1997లో గ్యోడెల్ బహుమతి లభించింది. దారిలో సందేశాలు పోయే వీలున్న నెట్‌వర్కులో ఎన్ని సందేశాలు, ఎన్ని రసీదులు పంపుకున్నా కొత్తగా ఉమ్మడి ఎరుక ఏర్పడదని వారు నిరూపించారు. రెండు కొండల మీద విడిది చేసిన ఇద్దరు సేనాపతులు వార్తాహరుల ద్వారా దాడి ముహూర్తం కుదుర్చుకోలేకపోవడం దీనికి పాత ఉదాహరణ: కబురు చేరిందని మొదటివాడికి తెలియాలంటే రసీదు రావాలి, రసీదు చేరిందని రెండవవాడికి తెలియాలంటే దానికి మళ్లీ రసీదు రావాలి, ఇది తెగదు. దుకాణంలో ఫోను ద్వారా డబ్బు చెల్లించినప్పుడు బ్యాంకు సర్వరుకూ దుకాణం యంత్రానికీ మధ్య ఉన్న పరిస్థితి ఇదే గనుక, అక్కడి ఇంజనీర్లు ఉమ్మడి ఎరుకను సాధించాలని ప్రయత్నించరు. ఒకే చెల్లింపు రెండుసార్లు జరగకుండా ప్రతి లావాదేవీకి విడి సంఖ్య ఇచ్చి, తేడాలను తర్వాత సరిచూసుకుంటారు. ఏది అసాధ్యమో తెలిసినవాడే సాధ్యమైనదాన్ని చక్కగా కట్టగలడు. ఈ రంగంలో భారతీయుల చేయీ ఉంది; విభజిత వ్యవస్థల్లో జ్ఞాన తర్కాన్ని గురించి రోహిత్ పరీఖ్, ఆర్. రామానుజం కలిసి రాసిన వ్యాసం 1985 నాటిది, రామానుజం ఆ తర్వాత చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమేటికల్ సైన్సెస్‌లో దీర్ఘకాలం పనిచేశాడు.

కాలానికి సంబంధించిన రీతుల సంగతి సభ్యులకు బాగా తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పవచ్చు. ‘ఎల్లప్పుడూ’, ‘ఎప్పటికైనా’ అనే రెండు మాటలకు గుర్తులు కేటాయించి, ప్రోగ్రాముల నడవడిని వాటితో చెప్పవచ్చని అమీర్ ప్నూయెలీ 1977లో చూపాడు. కూడలిలో అడ్డంగా వెళ్లే రెండు దారులకూ ఒకేసారి పచ్చదీపం ఎన్నడూ వెలగకూడదన్నది ఒక రకం నియమం. ఎదురుచూసే ప్రతి దారికీ ఎప్పటికైనా పచ్చదీపం రావాలన్నది మరొక రకం. దీపాలన్నీ ఎప్పుడూ ఎర్రగానే ఉంటే మొదటి నియమం చక్కగా నెరవేరుతుంది, రెండవది నెరవేరదు. రెండూ రాసినప్పుడే కోరిక పూర్తవుతుంది. ఇటువంటి నియమాలు ఒక యంత్ర నిర్మాణంలో నిలుస్తాయో లేదో కంప్యూటరే స్వయంగా పరీక్షించే నమూనా తనిఖీ పద్ధతికి ఎడ్మండ్ క్లార్క్, అలన్ ఎమర్సన్, జోసెఫ్ సిఫాకిస్ 2007 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు పొందారు. ప్నూయెలీకి అదే అవార్డు 1996లో వచ్చింది.

జ్ఞాన ప్రాతినిధ్యం పాఠంలో ఇప్పటికే ఉన్న సెమాంటిక్ నెట్‌లకు కూడా రీతి తర్కంతో రక్తసంబంధం ఉంది. వాటికి కచ్చితమైన అర్థం లేదన్న విమర్శ నుంచి వర్ణన తర్కాలు పుట్టాయి. ‘సంతానమంతా డాక్టర్లే అయిన వ్యక్తి’, ‘కనీసం ఒక డాక్టరు సంతానంగా ఉన్న వ్యక్తి’ వంటి భావాలను నిర్వచించి, ఏది దేనిలో ఇమిడి ఉందో యంత్రం చేత తేల్చించడం వాటి పని. ‘అంతా’ అన్నది పెట్టె, ‘కనీసం ఒక’ అన్నది వజ్రం, ‘సంతానం’ అన్నది బాణం అని గుర్తించి, ఈ తర్కాల్లో ముఖ్యమైనది అనేక బాణాల రీతి తర్కానికి మరో రాతరూపమేనని 1991లో క్లాస్ షిల్డ్ చూపాడు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2004లో ప్రమాణంగా ప్రకటించిన ఔల్ భాషకు ఈ తర్కాలే ఆధారం. రాయనిది అబద్ధమని ఔల్ అనుకోదు, తెలియదని మాత్రమే అనుకుంటుంది; దీన్ని వివృత లోక ఒప్పందం అనవచ్చు. డేటాబేస్ పాఠం ఒక ఒప్పందాన్నీ ఔల్ మరొక ఒప్పందాన్నీ పాటిస్తున్నాయని ఒకే తరగతిలో పక్కపక్కన చెప్పకపోతే, విద్యార్థి ఒకదాని అలవాటును రెండవదానిలోకి మోసుకుపోతాడు.

ప్రభుత్వ నియమాలను ప్రోగ్రాములుగా మార్చేవారికి విధి నిషేధాల తర్కం అవసరం. దీని ఆధునిక చరిత్ర 1951లో జి.హెచ్. ఫాన్ వ్రిక్త్ వ్యాసంతో మొదలైంది. ‘రావాలి’ అన్నదానికి వ్యతిరేకం ఏమిటని అడిగితే తెలుగు రెండు సమాధానాలు ఇస్తుంది: ‘రానక్కరలేదు’ అన్నది ఒకటి, ‘రాకూడదు’ అన్నది మరొకటి. మొదటిది విధి లేకపోవడం, రెండవది నిషేధం ఉండడం. లేదని తెలియడానికీ ఉందని తెలియకపోవడానికీ మధ్య ఉన్న భేదమే ఇక్కడ మరో వేషంలో కనిపిస్తుంది. ఒక కాగితం జతచేయనక్కరలేదని చెప్పిన ఉత్తర్వును, జతచేయకూడదని అర్థం చేసుకున్న ప్రోగ్రాము ఆ కాగితం జతచేసినవారి దరఖాస్తునే తిరస్కరిస్తుంది. నియమాన్ని ఉల్లంఘించినప్పుడు ఏం చేయాలో చెప్పే నియమాలు ఇంకా చిక్కైనవి; వాటిని మామూలు ‘అయితే’తో రాయబోతే వచ్చే వైరుధ్యాన్ని 1963లో రోడరిక్ చిజమ్ ఎత్తిచూపాడు.

ఈ ప్రతిపాదనకు రాగల అభ్యంతరాలు ప్రధానంగా మూడు. ఈ తర్కాలు కఠినమైనవని మొదటిది. విధేయ తర్కంలో ఒక వాక్యం చెల్లుతుందో లేదో ఎల్లవేళలా తేల్చగల యాంత్రిక పద్ధతి లేదని 1936లోనే చర్చ్, ట్యూరింగ్ నిరూపించారు; ప్రాథమిక రీతి తర్కాలకు అటువంటి పద్ధతి ఉంది. ఎస్5లో ఒకే వ్యక్తి జ్ఞానానికి సంబంధించిన తృప్తి సమస్య, అంటే ఒక సూత్రం నిజమయ్యే ప్రపంచం ఒకటైనా ఉండగలదా అన్న ప్రశ్న, ఎన్‌పీ-సంపూర్ణమనీ, కే, టీ, ఎస్4 అనే ఇతర రీతి తర్క వ్యవస్థల్లో అది పీస్పేస్-సంపూర్ణమనీ రిచర్డ్ లాడ్నర్ 1977లో తేల్చాడు. అంటే లెక్క బరువైనదే గాని అంతులేనిది కాదు. ఇచ్చిన గ్రాఫులో ఇచ్చిన సూత్రం నిజమో కాదో చూడడమైతే బహుపదీయ కాలంలో జరిగిపోతుంది. విధేయ తర్కం నేర్పగలిగిన పాఠ్యక్రమానికి ఇది భారం కాదు.

ఉద్యోగాలకు ఇది పనికిరాదని రెండవ అభ్యంతరం. ఖాళీ గడిని ఏమని అర్థం చేసుకోవాలో, పోయిన సందేశం తర్వాత ఎవరికి ఏం తెలుసో, ఉత్తర్వులోని ‘అక్కరలేదు’ను ఎలా రాయాలో తేల్చుకోవలసిన అవసరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో తరచుగా వస్తుంది. ఆ అవసరానికి పేరు తెలియకపోవడం వల్ల అది అవసరం కాకుండా పోదు.

పెద్ద భాషా నమూనాలు వచ్చాక తర్కం పాతబడిందన్నది మూడవ అభ్యంతరం. ఆ నమూనాలకు వాక్యాలను అల్లే నేర్పు ఉన్నమాట నిజమే. అయితే అవి అందించే వాక్యం తెలిసి చెప్పినదా, విని చెప్పినదా, ఊహించి చెప్పినదా అన్న గుర్తు వాక్యంతోపాటు రావాలన్న కట్టుబాటు వాటి నిర్మాణంలో లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తన బృందంతో నిర్మించిన మాటలను గుర్తించే వ్యవస్థకు హియర్‌సే అని పేరు. చెప్పగా విన్న మాట అని దాని అర్థం, తెలుగులో ఒక్క ‘ట’. ఆ వ్యవస్థ రెండవ రూపంలో వేర్వేరు జ్ఞాన విభాగాలు తమ ఊహలను ఒక ఉమ్మడి నల్లబల్ల మీద, ఎంత నమ్మదగినవో తెలిపే అంకెతో సహా రాసేవి. అది రీతి తర్కం కాదు. అయినా ఊహను ఊహగానే రాసిపెట్టాలన్న నిజాయితీ అందులో ఉంది. నేటి నమూనాల చుట్టూ కట్టే వ్యవస్థల్లో ఆ నిజాయితీని తిరిగి చేర్చవలసినవారు నేటి విద్యార్థులే.

ఈ కారణాలను దృష్టిలో ఉంచుకుని సభ్యుల ముందు ఉంచుతున్న ప్రతిపాదన చిన్నది. కొత్త పేపరు అవసరం లేదు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపరులోని జ్ఞాన ప్రాతినిధ్యం యూనిట్‌లో పది గంటలు చాలు. సాధ్య ప్రపంచాలకు, బాణాల సూత్రాలకు మూడు గంటలు. అనేకుల జ్ఞానానికి, ఉమ్మడి ఎరుకకు మూడు గంటలు. కాల తర్కానికి, వర్ణన తర్కానికి, విధి నిషేధాలకు తలా ఒక గంట. చివరి గంట సంవృత లోకాన్నీ వివృత లోకాన్నీ పోల్చడానికి. ప్రయోగశాలలో ఒక గ్రాఫునూ ఒక సూత్రాన్నీ తీసుకుని, ఆ సూత్రం ఏ బిందువుల్లో నిజమో చెప్పే చిన్న ప్రోగ్రాము రాయించవచ్చు. గ్రాఫు తిరగడం వచ్చిన విద్యార్థికి అది ఒక పూట పని. పరీక్షలో నిర్వచనాలు అడగడానికి బదులు ఒక నిజమైన ఉత్తర్వులోని పేరా ఇచ్చి, అందులోని ‘వచ్చు’, ‘వలెను’, ‘అక్కరలేదు’లను గుర్తులతో రాయమంటే పాఠం బుర్రకెక్కుతుంది. పారిభాషిక పదాల కోసం, 1968లో ఏర్పడి తరాల విద్యార్థులకు తెలుగు పాఠ్యపుస్తకాలు అందించిన తెలుగు అకాడమీ వంటి సంస్థల సహకారం కోరవచ్చు. ఈ లేఖలో వాడిన పదాలకన్నా మంచివి అక్కడ దొరికితే అంతకన్నా కావలసింది లేదు.

ఈ పది గంటల ఫలితం ఎలా ఉంటుందో ఊహించడానికి మళ్లీ ఆ పింఛను పట్టిక దగ్గరికే వెళ్లవచ్చు. రీతి తర్కం చదివిన ప్రోగ్రామరు కూడా అరవై నిండినవారికి ఒక జాబితా, నిండనివారికి ఒక జాబితా తయారుచేస్తాడు. రెండింటినీ కూడి ఊరి మొత్తంతో సరిచూస్తాడు. తేడా వచ్చిన పేర్లతో మూడో జాబితా తీసి, దానికి ‘అనర్హులు’ అని కాక ‘ఇంటికి వెళ్లి కనుక్కోవలసినవారు’ అని శీర్షిక పెడతాడు.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ బోధన మేలు కోరే ఒక వ్యాసకర్త